అమ్మకో నాన్నకో క్యాన్సర్ చికిత్స నడుస్తున్నప్పుడు: చూసుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగినన్నాళ్లూ వెంట ఉన్నది నేనే. అప్పటి నుంచి చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో ఈ జబ్బు బయటపడినా నాకు ఫోన్ చేస్తున్నారు. మొదట ఆసుపత్రి గురించి, మందుల గురించి అడుగుతారు. కాసేపయ్యాక గొంతు తగ్గించి అసలు సంగతికి వస్తారు: "నా వల్ల కావట్లేదు, ఏం చేయను?" ఆ రెండు రకాల ప్రశ్నలకూ నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాశాను. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు ఆపాలి అన్నవి మీ డాక్టర్ చెప్పాల్సినవి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు. కానీ ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఈ బరువు ఒక్కరి నెత్తిన పెడితే పేషెంట్‌తో పాటు ఆ మనిషి కూడా మంచాన పడతారు. పంచుకోవడం ఎలా అన్నది మొదటి రోజు నుంచే ఆలోచించాలి.

బయాప్సీ రిపోర్ట్ చేతికొచ్చింది. ముందుగా ఏం చేయాలి?

కంగారులో అదే రోజు అడ్మిషన్ అంటూ పరుగెత్తకండి. కొన్ని రక్త క్యాన్సర్లకు వెంటనే ఆసుపత్రిలో చేరాలి, అలాంటిదైతే డాక్టరే అప్పటికప్పుడు చెబుతారు. గడ్డల రూపంలో వచ్చే చాలా క్యాన్సర్లలో మాత్రం ఆసుపత్రి చూసుకోవడానికి, ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడానికి వారం పది రోజుల వ్యవధి ఉంటుంది. అలాగని నెలలు సాగదీయకూడదు. ఎంత వ్యవధి ఉందో మొదటి డాక్టర్‌నే సూటిగా అడగండి. ఇంకొకరిని అడుగుతామంటే మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే చాలదు. బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి స్లైడ్లు, మైనం బ్లాకులు (గడ్డ నుంచి తీసిన ముక్కను భద్రపరిచేవి), స్కానింగ్ సెంటర్ నుంచి సీడీ అడిగి తీసుకోండి. కొత్త ఆసుపత్రివాళ్లు వాటిని మళ్లీ చూసి నిర్ధారించుకుంటారు.

ఏ ఆసుపత్రి అన్నదానికి నా లెక్క ఒకటుంది. చికిత్స నెలల తరబడి సాగుతుంది కాబట్టి ఎంత దూరం అన్నది పెద్ద విషయం. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి నడుస్తోంది. బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో ముంబై టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అభిప్రాయం కోసం ముంబై వెళ్లి రావడంలో తప్పు లేదు. కానీ ప్రతి మూడు వారాలకూ నీరసించిన మనిషిని రైలెక్కించడం వేరే సంగతి. అదే చికిత్స దగ్గర్లో దొరికితే దగ్గర్లోనే చేయించండి.

డాక్టర్ దగ్గర మరిచిపోకుండా అడగాల్సిన ప్రశ్న: "ఈ చికిత్స జబ్బు పూర్తిగా నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా?" ఇంట్లో తర్వాత తీసుకోబోయే నిర్ణయాలు చాలావరకు ఈ జవాబు మీదే ఆధారపడతాయి.

నాన్నకు క్యాన్సర్ అని చెప్పాలా, దాచాలా?

మన ఇళ్లలో ఎక్కువమంది దాస్తారు. "ఆయన గుండె వీక్, తట్టుకోలేరు" అంటారు. కొడుకో అల్లుడో ముందుగా డాక్టర్ గదిలోకి వెళ్లి "సార్, నాన్నగారి ముందు ఆ మాట ఎత్తకండి" అని బతిమాలుకుంటారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆయన కూర్చున్నది క్యాన్సర్ ఆసుపత్రిలో. పక్క కుర్చీలో ఉన్నవాళ్లు "మీకెక్కడండీ?" అని అడుగుతారు. జుట్టు రాలుతుంది. ఆయనకు తెలిసిపోతుంది. తెలిశాక ఆయన కూడా మీ ముందు తెలియనట్టే ఉంటారు. ఒకే ఇంట్లో అందరూ విడివిడిగా ఏడుస్తుంటారు. భయాన్ని ఎవరితోనూ చెప్పుకోలేని స్థితిలోకి ఆయనను మనమే నెట్టినట్టవుతుంది.

అన్నీ ఒకే రోజు గుమ్మరించమని కాదు. ఆయననే అడగండి: "నాన్నా, డాక్టర్ గారు చెప్పేవన్నీ మీరు వింటారా, నన్ను విని చూసుకోమంటారా?" చాలామంది పెద్దవాళ్లు "నువ్వే చూసుకో" అంటారు. అలా అన్నా అది ఆయన తీసుకున్న నిర్ణయమే. కొన్నాళ్లకు ఆయనే "ఇంతకీ ఏమన్నార్రా డాక్టరు?" అని అడిగితే, అడిగినంతవరకు నిజమే చెప్పండి. "గడ్డ ఉంది, క్యాన్సర్ గడ్డ, దానికి మందులున్నాయి, మొదలుపెడుతున్నాం" అన్నంత తేలిక మాటలు చాలు. ఎన్నాళ్లు బతుకుతానని అడిగితే ఆ ప్రశ్నను డాక్టర్ దగ్గరే, ఆయన ఎదురుగానే పెట్టండి.

చికిత్సకు సంతకం పెట్టేది, నొప్పి భరించేది ఆయన. పొలం రాయించాలన్నా, మనవరాలి పెళ్లి ముందుకు జరపాలన్నా, ఒకసారి సొంతూరు వెళ్లి రావాలన్నా ఆయనకు నిజం తెలిసి ఉండాలి.

కీమో రోజు ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

ఫైలు, తాజా రక్త పరీక్ష రిపోర్ట్, ఒక శాలువా (డే కేర్ వార్డుల్లో ఏసీ చలి ఎక్కువ), చేతులు వదులుగా ఉన్న జాకెట్ లేదా చొక్కా, ఇంటి నుంచి కాస్త తిండి, మంచినీళ్లు, ఫోన్ చార్జర్. పొద్దున వెళ్తే సాయంత్రం అవుతుందనే అనుకుని వెళ్లండి.

మా అమ్మకు ఇచ్చిన మందుల్లో ఒకటి ఎర్రగా, రూహ్ అఫ్జా షర్బత్ రంగులో ఉండేది. దాని పేరు డాక్సోరుబిసిన్. వార్డులో అందరూ "ఎర్ర మందు" అనేవాళ్లు. అది వేశాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే నర్సు చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే రక్తం పోతోందని హడలిపోయేవాళ్లం. పేగు క్యాన్సర్‌కు వాడే ఆక్సాలిప్లాటిన్ అయితే ఇంకో రకం. అది వేశాక కొన్ని రోజులు చల్లనిది తగిలితే వేళ్లు జివ్వుమంటాయి, చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టుంటుంది. ఫ్రిజ్ తలుపు కూడా వాళ్లను తీయనివ్వొద్దు. ఒక్కో మందుకు ఒక్కో గుణం ఉంటుంది కనుక "ఈ మందుకు ఇంట్లో ఏం గమనించాలి?" అని మొదటి రోజే నర్సును అడిగి రాసుకోండి.

ఇంటికొచ్చాక 48 గంటల పాటు వాంతులు, మూత్రం, మలం శుభ్రం చేసేటప్పుడు చేతులకు గ్లోవ్స్ వేసుకోండి. టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి. తడిసిన దుప్పట్లు, బట్టలు విడిగా ఉతకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు ఈ పనులు అప్పగించొద్దు.

రాత్రి పూట జ్వరం వస్తే పొద్దున దాకా ఆగొచ్చా?

ఆగకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకునేటట్టయితే ఇదే పెట్టుకోండి.

చాలా కీమో మందులు వేసిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్త కణాలు బాగా పడిపోతాయి. "కౌంట్ పడిపోయింది" అనేది దీన్నే. ఆ సమయంలో మామూలు ఇన్ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ చూపించినా, దాటినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. డాక్టర్‌తో మాట్లాడకుండా డోలో, క్రోసిన్ వేయకండి. జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. జ్వరం లేకపోయినా వణుకు వచ్చినా, మనిషి మగతగా మాట్లాడుతున్నా ఇదే పని చేయాలి. క్యాజువాలిటీలోకి అడుగు పెట్టగానే "కీమో పేషెంట్, ఫలానా తారీకున కీమో అయింది, జ్వరం" అని మొదటి మాటగా చెప్పండి. క్యూలో కూర్చోబెట్టకుండా చూస్తారు.

నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, ఆగని విరేచనాలు, ఆయాసం, ఛాతీలో నొప్పి, ఎక్కడి నుంచైనా రక్తం రావడం, ఒక కాలు మాత్రమే వాచడం, వీటికి కూడా మర్నాటి దాకా చూడొద్దు.

ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబర్, ఆ రాత్రి కారు నడిపేవాళ్ల నంబర్ ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి. ఫైలు, డబ్బు, కార్డులు ఒకే సంచిలో తలుపు దగ్గర సిద్ధంగా ఉండాలి.

ఏం పెట్టినా తినడం లేదు. ఎలా?

అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. మనకు ప్రేమంటే తిండి పెట్టడమే కదా. అమ్మ కంచం పక్కకు తోసేస్తే మనల్నే తోసేసినట్టు ఉంటుంది. ముందు ఒకటి గుర్తుంచుకోండి: ఆకలి లేకపోవడం, నోరు చేదుగా ఉండటం, వాసన పడకపోవడం మందు వల్ల వచ్చేవి. మీ వంట వల్ల కాదు, ఆమె మొండితనం వల్లా కాదు.

మూడు పూటల భోజనం అనే లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టండి. రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు చాలు. పోపు వాసన పడనివాళ్లకు చల్లారిన తిండి మేలు. ఇడ్లీ, ఉప్మా, పెసరకట్టు, మెత్తటి పప్పన్నం, రాగి జావ, సగ్గుబియ్యం జావ లాంటివి తేలిగ్గా దిగుతాయి. కానీ జావల మీదే బతికించకండి, కండ కరిగిపోతుంది. ప్రొటీన్ వెళ్లాలి: బాగా ఉడికిన గుడ్డు, పప్పు, పాలు, పనీర్, తినేవాళ్లయితే మెత్తగా ఉడికిన చికెన్, చేప. స్టీలు చెంచాతో నోట్లో ఇనుము రుచి వస్తోందంటే చెక్క చెంచా, ప్లాస్టిక్ చెంచా ఇచ్చి చూడండి. వాంతి మందు భోజనానికి ఎంత ముందు వేయాలో అడిగి, ఆ టైముకే వేయండి. వాంతి వచ్చాక వేస్తే ఫలితం తక్కువ.

నోట్లో పుండ్లు వస్తే కారం, పులుపు, ఆవకాయ పక్కన పెట్టాల్సిందే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించి ఉమ్మించండి. కౌంట్ పడిపోయిన రోజుల్లో పచ్చి కూరలు, కోసి అమ్మే పండ్లు, బయటి చట్నీలు, చెరకు రసం, పానీపూరీ వద్దు. తొక్క ఒలుచుకునే అరటి, కమలా మంచివి. నీళ్లు కాచి చల్లార్చినవి ఇవ్వండి.

"ఒక్క ముద్ద, నా కోసం" అని ప్రతి పూటా బతిమాలడం మాత్రం ఆపండి. అది వాళ్లకు పరీక్షలా మారుతుంది. పక్కన పెట్టి, కబుర్లు చెప్పి, తినకపోతే తీసేయండి. రెండు మూడు వారాల్లో బరువు బాగా తగ్గితే డైటీషియన్‌ను అడగండి.

చుట్టాలు పత్యం అంటారు, పసరు మందు అంటారు. ఏం చెప్పాలి?

"వంకాయ పెట్టొద్దు, పప్పు చీము పట్టిస్తుంది, గుడ్డు వేడి" అనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉంటారు. డాక్టర్ ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప మిగతావన్నీ పెట్టొచ్చు. చక్కెర పూర్తిగా మానేస్తే గడ్డ ఎండిపోతుందన్నది కూడా నిజం కాదు. షుగర్ జబ్బు ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి, అది వేరే విషయం.

పసర్లు, పొడులు, కషాయాల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. కీమో మందులను శరీరం నుంచి బయటికి పంపేది ఎక్కువగా కాలేయం, మూత్రపిండాలే. వాటి మీద ఇంకో బరువు పడితే తర్వాతి కీమో విడత వాయిదా పడుతుంది. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న పేషెంట్ల గురించి మన దేశంలోని కాలేయ వైద్యులే రాశారు. ఏదైనా ఇవ్వాలనుకుంటే సీసా తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి, దాచి ఇవ్వకండి. చికిత్స మానేసి ఫలానా ఊళ్లో మందు తినమనే సలహాకు "డాక్టర్ గారిని అడుగుతాం అత్తయ్యా" అన్న ఒక్క మాట చాలు. వాదన పెట్టుకుంటే మీ ఓపికే ఖర్చవుతుంది.

మొక్కులు, పూజలు, దువాలు, ప్రార్థనలు వేరు. అవి మనసుకు బలం. గుళ్లో రద్దీ ఉన్న రోజున వెళ్లకుండా చూసుకుంటే చాలు.

జుట్టు రాలిపోతుందని అమ్మ కుమిలిపోతోంది.

అన్ని మందులకూ రాలదు, అడిగి తెలుసుకోండి. జుట్టు రాల్చే మందైతే మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు మొదలవుతుంది. తలదిండు మీద, దువ్వెనలో, బాత్రూం జాలీ దగ్గర గుత్తులుగా కనిపిస్తుంది. అలా రోజూ చూసుకోవడం కంటే ముందే పొట్టిగా కత్తిరించుకుంటే కొంత నయం.

మా అమ్మ జడ మోకాళ్ల దాకా కాకపోయినా నడుము దాటి ఉండేది. గుండు చేయించుకున్నాక వీధిలో ఎవరైనా అడిగితే "తిరుపతి మొక్కు" అనేది. అదే మాట చెప్పే ఆడవాళ్లు ఆ వార్డులో ఇంకా ఉన్నారు. మన దగ్గర గుండుకు ఒక గౌరవం ఉంది కాబట్టి ఆ మాట వాళ్లను కాపాడుతుంది. నిజం చెప్పమని మీరు పట్టుబట్టకండి. బొట్టు, గాజులు, కొత్త నూలు చీర, తలకు మెత్తటి కాటన్ స్కార్ఫ్, ఆమె ఏది అడిగితే అది తెచ్చివ్వండి. కీమో అయిపోయాక సాధారణంగా కొన్ని నెలల్లో జుట్టు మళ్లీ వస్తుంది.

రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసి ఉంటే ఆ వైపు చేతికి బీపీ చూడటం, సూది వేయడం వద్దని ప్రతి కొత్త నర్సుకూ మీరే గుర్తుచేయండి. ఫిజియోథెరపిస్టు చెప్పిన చేతి వ్యాయామాలు మానకుండా చేయించండి.

మనవడిని దగ్గరికి రానివ్వచ్చా? అంటుకుంటుందా?

క్యాన్సర్ అంటుకోదు. కంచాలు, గ్లాసులు వేరు చేయకండి, ఆ పని వాళ్ల గుండెను కోస్తుంది. బయటి నుంచి మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ తీసుకుని ఇంటికొచ్చిన నాన్న ఒంట్లో రేడియేషన్ ఉండదు, మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే రేడియో అయోడిన్ లాంటి వాటికి మాత్రం కొన్ని రోజులు దూరం పాటించమంటారు. కౌంట్ తక్కువున్నప్పుడు జలుబు, జ్వరం ఉన్న పిల్లలను, పరామర్శకు వచ్చేవాళ్లను ఆపాల్సింది పేషెంట్ కోసమే.

డబ్బు ఎలా?

ఆసుపత్రిలో అడుగుపెట్టిన రోజే ఆరోగ్యమిత్ర (ప్రభుత్వ వైద్య పథకాల సహాయకులు) కౌంటర్ దగ్గరికి వెళ్లండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ ప్యాకేజీలు వీటిలో ఉన్నాయి. ఏ మందు ప్యాకేజీలోకి వస్తుందో, ఏది చేతి నుంచి పెట్టుకోవాలో ముందే రాయించుకోండి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన అనే కేంద్ర ప్రభుత్వ వైద్య బీమా కార్డు ఇస్తున్నారు. ముఖ్యమంత్రి సహాయ నిధికి స్థానిక ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెడతారు. చికిత్సకు ముందే ఎల్‌వోసీ (ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకునే వీలు ఉందేమో అడగండి. ఖరీదైన మందులకు కంపెనీలే నడిపే సహాయ పథకాలుంటాయి, వాటి వివరాలు ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టర్) దగ్గర దొరుకుతాయి.

సొంత ఇన్సూరెన్స్ ఉంటే రూమ్ అద్దె పరిమితి చూసుకోండి. దాన్ని మించిన గది తీసుకుంటే చాలా పాలసీల్లో గది అద్దెతో పాటు బిల్లులోని ఇతర ఖర్చుల మీద కూడా కోత పడుతుంది. రైల్లో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ పేషెంట్‌కు స్లీపర్, థర్డ్ ఏసీలో చార్జీ ఉండదు, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఉంటుంది. ఆసుపత్రి నుంచి ఫారం మీద సంతకం తెచ్చి కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలి.

బంగారం కుదువ పెట్టే ముందు, వడ్డీకి తెచ్చే ముందు ఒక్కసారి ఆసుపత్రి సోషల్ వర్కర్‌తో కూర్చోండి. మనకు తెలియని దారులు వాళ్లకు తెలుసు.

అన్నయ్య అమెరికాలో, అక్క అత్తారింట్లో. అంతా నా మీదే పడింది.

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో ఉండిపోయిన కూతుళ్లు, కోడళ్లు, చిన్నకొడుకులు. దగ్గర ఉన్నవాళ్లు చేస్తారు, దూరంగా ఉన్నవాళ్లు సలహాలిస్తారు. "ఇమ్యునోథెరపీ అడిగావా? గూగుల్‌లో చదివాను" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తే, రాత్రంతా బేసిన్ పట్టుకుని కూర్చున్న మనిషికి ఒళ్లు మండుతుంది. దూరంగా ఉన్నవాళ్ల బాధా నిజమే. ఏమీ చేయలేకపోతున్నామన్న అపరాధ భావం సలహాల రూపంలో బయటికి వస్తుంది.

"సాయం చేయండి" అంటే ఎవరూ కదలరు. పని పేరు పెట్టి అడగాలి. "అన్నయ్యా, ఇన్సూరెన్స్ క్లెయిములు, మందుల ఆర్డర్లు, డాక్టర్‌తో వీడియో కాల్ ఇకనుంచి నీవి. ఇక్కడ ఒక హెల్పర్ జీతం కూడా నువ్వే పంపు." "అక్కా, ప్రతి కీమో తర్వాతి వారం నువ్వు వచ్చి ఉండు, నేను ఇంటికెళ్లి నిద్రపోతాను." ఇలా చెబితే చేస్తారు, చేయలేకపోతే ఆ సంగతైనా తేలుతుంది. డాక్టర్‌తో మాట్లాడే బాధ్యత ఒక్కరిదే ఉండాలి. ముగ్గురు మూడు ఫోన్లు చేస్తే మూడు రకాలుగా అర్థమవుతుంది. ఖర్చుల లెక్క మొదటి రోజు నుంచి అందరికీ కనిపించేలా రాయండి. అమ్మానాన్నలు పోయాక కూడా మాటలు కలవని అన్నదమ్ములను చూశాను, ఎక్కువ చోట్ల మొదలు ఈ లెక్క దగ్గరే.

బయటివాళ్లకూ పని ఇవ్వండి. పరామర్శకు వచ్చి "ఏదైనా కావాలంటే చెప్పమ్మా" అనే పక్కింటి పిన్నిగారికి రేపటి కూర చెప్పండి. స్కూల్ నుంచి పిల్లవాణ్ని తెచ్చే పని ఎదురింటి బాబాయ్‌కి చెప్పండి. వాళ్లు ఆ మాట అన్నది చేయడానికే.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఒక సంగతి. అర్హత ఉన్న ఉద్యోగులకు ఎఫ్ఎంఎల్ఏ చట్టం కింద తల్లి లేదా తండ్రి తీవ్ర అనారోగ్యంలో ఉంటే ఏడాదిలో 12 వారాల దాకా జీతం లేని సెలవు దొరుకుతుంది. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకూ అది వర్తిస్తుంది. అత్తమామలకు వర్తించదు.

ఉద్యోగం మానేయాలా?

వెంటనే మానొద్దు. మొత్తం షెడ్యూల్ డాక్టర్ దగ్గర రాయించుకుంటే ఏ వారాలు కష్టమో తెలుస్తుంది. రేడియేషన్ అయితే సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్లాలి, కానీ ఒక్కో రోజు మెషీన్ మీద ఉండేది కాసేపే. ఆ కాగితం పట్టుకుని మేనేజర్‌తో సెలవు, ఇంటి నుంచి పని, షిఫ్ట్ మార్పు గురించి మాట్లాడండి. జీతం, ఆఫీసు ఇన్సూరెన్స్ రెండూ ఇప్పుడే అవసరం. పైగా రోజులో కొన్ని గంటలు క్యాన్సర్ అనే మాట లేని చోట ఉండటం కూడా మందే.

కోపం వస్తోంది. అమ్మ మీద అరిచేశాను. నేను చెడ్డదాన్నా?

కాదు. నిద్ర లేని మనిషికి కోపం వస్తుంది. ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరూ ఫోన్‌లో ఏడ్చారు, కాబట్టి మీరు ఒంటరి కాదు.

కొన్ని విషయాలు తెలిస్తే కోపం కాస్త తగ్గుతుంది. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ల వల్ల పేషెంట్‌కు నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది. "నువ్వు చేసిందేమీ బాగాలేదు" అనే మాట వెనక చాలాసార్లు ఆ మాత్ర ఉంటుంది. జన్మంతా అందరికీ పెట్టిన మనిషి ఇప్పుడు బాత్రూంకు కూడా చెయ్యి అందుకోవాల్సి రావడం ఆమెకూ అవమానంగా ఉంటుంది. అది మీ మీదే చూపిస్తుంది, ఎందుకంటే మీరు వదిలి వెళ్లరని ఆమెకు నమ్మకం.

అరిచాక ఏం చేయాలి? కాసేపటికి వెళ్లి "అమ్మా, అలిసిపోయి అనేశాను" అని చెప్పండి. చాలు. పాదాల మీద పడాల్సిన పని లేదు.

ఇంకో ప్రశ్న ఉంది, బయటికి అడగడానికి భయపడేది: "ఇదంతా త్వరగా అయిపోతే బాగుండు అనిపిస్తోంది, నేను పాపినా?" ఆ కోరిక ఆ బాధ పోవాలని, అమ్మ పోవాలని కాదు. చివరిదాకా చూసుకున్నవాళ్లలో చాలామందికి ఏదో ఒక రాత్రి ఆ ఆలోచన వస్తుంది.

మీ ఒంటి విషయంలో గమనించాల్సినవి: పడుకున్నా నిద్ర రాకపోవడం, తిండి మీద ధ్యాస పోవడం, మీ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు మరిచిపోవడం, చిన్నదానికీ కన్నీళ్లు రావడం, ఏదీ పట్టనట్టు మొద్దుబారిపోవడం. ఇవి రెండు వారాలకు మించి ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి. టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

వారంలో ఒక పూట మీది అని పెట్టుకోండి. ఆ పూట ఇంకొకరు డ్యూటీలో ఉంటారు. సినిమాకు వెళ్లినా, గుళ్లో కూర్చున్నా, ఊరికే పడుకున్నా ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

నొప్పికి మార్ఫిన్ రాశారు. అలవాటైపోతుందేమో?

క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే వ్యసనంగా మారడం అరుదు. భయపడి మాత్ర ఆలస్యం చేస్తే నొప్పి ముదురుతుంది, అప్పుడు తగ్గించడం కష్టం. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. మలబద్ధకం దాదాపు తప్పకుండా వస్తుంది కాబట్టి దానికి మందు మొదటి రోజే రాయించుకోండి. 2014లో చట్టం సవరించాక మార్ఫిన్ దొరకడం కొంత తేలికైంది, అయినా అన్ని మందుల షాపుల్లో ఉండదు. రెండు మూడు రోజుల మాత్రలు మిగిలి ఉండగానే మళ్లీ తెచ్చుకోండి. పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి.

డాక్టర్లు ఇక కీమో వద్దన్నారు. చేతులెత్తేసినట్టేనా?

కీమో ఆగుతుంది, వైద్యం ఆగదు. నొప్పి, ఆయాసం, నిద్ర, పుండ్లు, భయం చూసేదే పాలియేటివ్ కేర్. చివరి రోజులకే అనుకుంటారు గానీ చికిత్స మొదటి నుంచే తీసుకోవచ్చు. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా స్థాయిలో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు నడుస్తున్నాయి. హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పిస్‌లో డబ్బు తీసుకోకుండా చూస్తారు, ఇంటికి కూడా వస్తారు.

ఇంట్లోనే ఉంటానని నాన్న అంటే ఆ మాట విలువైనది. ఐసీయూ, వెంటిలేటర్ కావాలా వద్దా అన్నది ఆయన స్పృహలో ఉన్నప్పుడే అడగాలి. ఇలాంటి చికిత్స వద్దని ముందే రాసిపెట్టే పత్రాన్ని, అంటే లివింగ్ విల్‌ను, సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో దాని పద్ధతి తేలిక చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు రాస్తే సరిపోతుంది. అడగడానికి నోరు రాకపోతే పాలియేటివ్ డాక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, ఇలాంటి మాటలు మొదలుపెట్టడం వాళ్లకు బాగా తెలుసు.

అమ్మకు వచ్చింది కదా, నాకూ వస్తుందా?

ఎక్కువ క్యాన్సర్లు వంశపారంపర్యంగా రావు. కానీ అమ్మకు చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వచ్చినా, అండాశయ క్యాన్సర్ వచ్చినా, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి ఉన్నా జన్యు పరీక్ష అవసరమా అని ఆమె ఆంకాలజిస్టునే అడగండి. పరీక్ష ముందు అమ్మకు చేస్తేనే ఫలితం స్పష్టంగా ఉంటుంది. క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు మార్పులు మగపిల్లలకూ రావచ్చు, కాబట్టి అన్నదమ్ములను మినహాయించకండి. ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ఉచితంగా చేస్తారు, మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే తేదీ చెబుతారు. అమ్మ తర్వాతి చెకప్ ఉన్న నెలలోనే మీ పరీక్ష కూడా పెట్టుకోండి, వాయిదా పడకుండా ఉంటుంది.